గ్లాసాయన పండగ వంట

మా వీధిలో మా ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. గ్లాసాయన అంటారు. కొత్తగా వీధిలోకి దిగినవాళ్ళు ఆ మాట విని, పాపం ఈవిడ మొగుడు తాగుతాడు కాబోలు అని నా వంక జాలిగా చూస్తారు. తాగుడైనా కాస్త నయమేమో అని నాకు చాలాసార్లు అనిపించింది. తాగేవాళ్ళు సాయంత్రం పూట మాత్రమే విసిగిస్తారు. ఈయన పొద్దున్నే గిన్నెలో పాలు పడినప్పటి నుంచి మొదలుపెడతారు.

సంగతేమిటంటే, ఇంట్లోకి ఏ సరుకు వచ్చినా ముందు ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి అందులో వేసి చూస్తారు. మిరియాలు వేస్తే అన్నీ మునగాలి. ఒక్కటి తేలిందా, అది బొప్పాయి గింజ. తేనె చుక్క కరగకుండా తీగలా అడుగుకి జారాలి. ఉప్పు కరిగాక నీళ్ళు తేటగా ఉండాలి, తెల్లబడితే అందులో సుద్ద కలిసినట్టు. పాలకి గ్లాసు అక్కర్లేదు. గిన్నె మూత ఏటవాలుగా పట్టుకుని ఒక చుక్క వదిలితే వెనకాల తెల్లటి చార మిగలాలి. మిగలకపోతే ఆ పూట పాలవాడికి మంగళమే. ఇక కారం సంగతి చెప్పనే అక్కర్లేదు. కారం పొట్లాన్ని ఆయన పోలీసులు దొంగని చూసినట్టు చూస్తారు.

సరుకుల మీద ఉన్న అనుమానమే మనుషుల మీదా ఉంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే "వీడికి మనతో ఏం పని పడిందో" అంటారు. కొట్టువాడు తూకంలో కాస్త మొగ్గు చూపించాడంటే ఆ సరుకు ఇంటికొచ్చాక రెండోసారి గ్లాసులోకి దిగాల్సిందే. ఊరికే ఎక్కువెందుకిస్తాడు అన్నది ఆయన ప్రశ్న. ఒకసారి నాకు జ్వరం వస్తే డాక్టరిచ్చిన మాత్రని కూడా కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశారు. నేను ఒళ్ళు కాలిపోతూ పడుకుని, ఈయన తేల్చేదాకా ఎదురుచూశాను. ఇంతకాలం ఒకే కప్పు కింద ఉన్నాక ఆ జబ్బు నాకూ కొంచెం అంటింది. కాకపోతే ఆయన లోకాన్ని అనుమానిస్తారు, నేను ఆయన్ని అనుమానిస్తాను.

నన్ను చేసుకున్న కొత్తలో ఆయన మసాలా దినుసుల గోడౌన్లో పనిచేసేవారు. అక్కడ తూకం చూస్తాడు అని సంబంధం తెచ్చినవాళ్ళు చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా ఎర్రటి దుమ్ము ఉండేది, ఒకటే తుమ్ములు. ఆ గోడౌన్ పోయాక కలప డిపోలో చేరారు, అక్కడే రిటైరయ్యారు. గోడౌన్ రోజుల గురించి ఆయన చెప్పలేదు, నేనూ తవ్వి అడగలేదు. తూకం గురించి వినడానికి ఏముంటుంది.

ఇన్ని చెప్పినా ఒకటి ఒప్పుకోవాలి. వంట ఆయన చేస్తే మళ్ళీ ఇంకొకరి చేతి వంట నోటికి ఆనదు. పండగొచ్చిందంటే వంటిల్లు ఆయనది. నన్ను గడప లోపలికి రానివ్వరు. పొడి చేసిన దినుసేదీ బజార్లో కొనరు. పొడి అంటే ఎవరో మన కంటికి కనపడకుండా చేసిన పని అంటారు. మిరపకాయలు కాయలుగానే తెచ్చి, తొడిమలు తుంచి, ఒక్కో కాయనీ తడిగుడ్డతో తుడిచి ఎండలో పోస్తారు. పిండిమర దగ్గర తన వంతు వచ్చాక, ముందువాళ్ళ పిండి లోపల మిగిలి ఉంటుందని గుప్పెడు బియ్యం వేయించి మరని దులిపిస్తారు. మరవాడు ఆయన్ని చూడగానే పళ్ళు నూరుకుంటాడు. ఉల్లిపాయలు కోస్తే అన్నీ ఒకే మందంలో ఉంటాయి. సన్నటి సెగ మీద అవి తేనె రంగుకి వచ్చేదాకా పొయ్యి దగ్గరనుంచి కదలరు. ఎవరైనా పలకరిస్తే గరిటె చూపించి నోరు మూయిస్తారు. అంత శ్రద్ధగా ఆయన నన్ను ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ పండగ వంటకి ప్రతిసారీ వచ్చే మనిషి ఒకావిడ ఉంది. మా గోడకి అవతలి ఇంట్లో ఉండే టీచరమ్మ. చిన్న వయసులోనే భర్త పోతే ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. వాళ్ళిద్దరూ మా అబ్బాయితో పాటు మా గుమ్మంలోనే ఆడుకుని పెద్దవాళ్ళయ్యారు. నన్ను వదినా అంటుంది, ఆయన్ని అన్నయ్యగారూ అంటుంది. బడికి వెళ్ళేటప్పుడు తాళంచెవి మా ఇంట్లోనే ఇచ్చి వెళ్తుంది. మా ఆయన అనుమానించని మనిషి ఈ భూమ్మీద ఉందంటే ఆవిడే.

కిందటి ఏడాది మా అబ్బాయి ఒకమ్మాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. మంచి పిల్ల. మాట తక్కువ, పౌరుషం ఎక్కువ. తల్లి లేదు, తండ్రి పెంచాడు. అంతా బాగానే ఉంది గానీ, ఆ తండ్రి కిరాణాకొట్టు నడుపుతాడు. ఈ మాట చెవిన పడగానే మా ఆయన చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేశారు.

"ఊళ్ళో ఇంకే అమ్మాయీ దొరకలేదురా నీకు?" అన్నారు.

"అమ్మాయిని చేసుకుంటున్నాను నాన్నా, కొట్టుని కాదు" అన్నాడు మా అబ్బాయి.

కాపురానికి వచ్చిన మర్నాడే కోడలు తండ్రి ఇచ్చిన తేనె సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల అటు తిరిగిందో లేదో ఈయన చుక్క తీసి గ్లాసులో వేశారు. ఆమె ఇటు తిరిగి చూడనే చూసింది.

"అది మా నాన్న స్వయంగా తెచ్చిచ్చాడు మామయ్యా" అంది.

"అందుకేనమ్మా చూస్తున్నాను" అన్నారు ఈయన, కాస్త కూడా తడుముకోకుండా.

తేనె తీగలా జారి అడుగున కూర్చుంది. మంచి తేనె. అయినా ఆ రాత్రి కోడలు అన్నం తినలేదు. నేను బతిమాలితే తలనొప్పి అంది. అప్పటినుంచీ ఆ పిల్లకీ ఈయనకీ మధ్య మాటలు లెక్కగా నడుస్తున్నాయి.

ఈ పండగకి వియ్యంకుడు మా ఇంటికి భోజనానికి వస్తానన్నాడు. రావడం మొదటిసారి. వచ్చే ముందే బండి మీద సరుకు పంపాడు. బియ్యం, బాదం, ఏలకులు, మిరియాలు, నెయ్యి, సంచీ నిండా కారం. కోడలు ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటే ఆ మొహంలో వెలుగు చూసి నాకు ముచ్చటేసింది. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన గుమ్మానికి ఆనుకుని ఆ సంచులనే చూస్తున్నారు.

సాయంత్రం కోడలు నన్ను పక్కకి పిలిచింది.

"అత్తయ్యా, ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా నాన్న పంపిన సరుకు ఆ గ్లాసులో పడితే నేను ఈ పండగకి ఇక్కడ ఉండను. ఆ తర్వాత కూడా ఉండను."

"చిన్నదానికి అంత మాటెందుకమ్మా" అన్నాను.

"మీకు చిన్నది. నన్ను కొట్లో బియ్యం బస్తా మీద పడుకోబెట్టి పెంచాడు మా నాన్న. ఆయన్ని ఇంట్లోకి పిలిచి దొంగలా చూస్తే నేను ఓర్చుకోలేను."

మా అబ్బాయి ఆ వెనకే వచ్చి నసుగుతూ చెప్పాడు. కొట్టుకి దగ్గరలో వాళ్ళకొక ఇల్లు సిద్ధంగా ఉందట. మామగారు ఎప్పటినుంచో రమ్మంటున్నాడట. వీడింకా ఊ అనలేదట. ఆ 'ఇంకా' అన్న మాట నా చెవిలో ముల్లులా దిగింది. ఉన్నది ఒక్క కొడుకు. వాడు లేని ఇంట్లో ఈయనా, నేనూ, గ్లాసూ మిగిలితే నా బతుకు ఎలా ఉంటుందో ఊహించుకున్నాను.

ఆయన్ని కూర్చోబెట్టి కడిగిపారేశాను. పండగ వెళ్ళేదాకా గ్లాసు ముట్టుకుంటే నేను కూడా కోడలితో పాటే వెళ్ళిపోతానన్నాను. ఆయన అంతా విని "సరేలే" అన్నారు. అంత సులువుగా సరేననడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఇంట్లో ఉన్న గాజు గ్లాసులన్నీ పాత చీరలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. స్టీలు గ్లాసులు మిగిల్చాను. వాటిలో అడుగున ఏం పేరుకుందో పక్కనుంచి కనపడదు కదా.

ఆ తర్వాత కళ్ళలో వత్తులు వేసుకుని ఆయన్ని కాపలా కాశాను. బుద్ధిగానే ఉన్నారు. బియ్యం ఏరారు, బాదం నానబెట్టి పొట్టు తీశారు, కత్తులు నూరారు. వియ్యంకుడు పంపిన కారం సంచీ వైపు చూడనైనా లేదు. పండగ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం నేను కాస్త నడుం వాల్చి లేచేసరికి మనిషి లేరు. మేకుకి ఉండాల్సిన టీచరమ్మ తాళంచెవి కూడా లేదు.

నేను వెళ్ళేసరికి ఆవిడ వంటింట్లో కిటికీ గట్టు మీద రెండు గాజు గ్లాసులు ఎండకి మెరుస్తున్నాయి. ఈయన వాటి ముందు నిలబడి ఉన్నారు. పక్కన టీచరమ్మ కారం డబ్బా మూత తీసి ఉంది.

"ఇదేం పని? మొక్కలకి నీళ్ళు పోయడానికి వచ్చారనుకున్నాను" అన్నాను, నా గొంతులో ఉన్న కోపం నాకే వినపడకుండా.

"ఇటు చూడు" అన్నారాయన.

ఒక గ్లాసులో కారం పైన పొరలా తేలుతోంది. కింద నీళ్ళు తేటగా ఉన్నాయి. రెండో గ్లాసులో అడుగున వేలు మందం ఎర్రటి మడ్డి దిగి ఉంది. ఆయన నీళ్ళు వంచేసి ఆ మడ్డి కాస్త తీసి నా వేళ్ళ మధ్య రుద్దారు. గరగరలాడింది.

"ఇటిక" అన్నారు. "పైకి తేలినది మన వియ్యంకుడు మనకి పంపింది. ఈ ఇటిక మన వియ్యంకుడు టీచరమ్మకి అమ్మింది."

ఆవిడని ఆ కొట్టుకి పంపింది నేనే. మనవాళ్ళ కొట్టే టీచరమ్మా, కళ్ళు మూసుకుని తెచ్చుకోండి అని పెళ్ళయిన నెలలోనే చెప్పాను. ఆవిడ అప్పటినుంచీ సరుకంతా అక్కడే తెచ్చుకుంటోంది.

"ఆవిడకి చెప్పాలి" అన్నాను.

"చెప్పు. ఆవిడ వెళ్ళి కొట్లో అడుగుతుంది. వాడు కూతురికి చెప్తాడు. గ్లాసు బయటపడుతుంది."

నేను చాలాసేపు ఆలోచించాను. తినగానే ప్రాణం పోయేది కాదుగా అనుకున్నాను. రెండు రోజుల్లో పండగ అయిపోతుంది, పిల్లలు కుదుటపడతారు, అప్పుడు ఏదో ఒక వంక పెట్టి ఆ డబ్బా పారబోయించవచ్చు అనుకున్నాను.

"పండగ వెళ్ళాక చూద్దాం లెండి" అన్నాను. గ్లాసులు రెండూ కడిగి బోర్లించాను. కారం డబ్బాకి మూత పెట్టి అలమరలో ఎక్కడిది అక్కడే పెట్టాను. మా ఆయన తాళం వేస్తూ నా వంక ఒక చూపు చూశారు. మిరియాలని చూసే చూపు అది.

సాయంత్రం టీచరమ్మ తాళంచెవి కోసం వచ్చి, ఎండలో వచ్చాను వదినా, కాసిని మంచినీళ్ళివ్వండి అంది. ఇచ్చాను. ఆవిడ మొహం చూడలేక గోడ మీద బల్లిని చూస్తూ ఇచ్చాను.

పండగ పొద్దున మా ఆయన తెల్లవారకముందే వంటింట్లోకి దూరారు. వియ్యంకుడు పంపిన సరుకే వరసగా ముందు పెట్టుకున్నారు. కోడలు గుమ్మం దగ్గర నిలబడి అది చూసింది. గ్లాసు లేదు, పరీక్ష లేదు. నెయ్యి తీసి నేరుగా మూకుట్లో వేశారు. ఆ పిల్ల మెల్లగా లోపలికి వెళ్ళి, "ఉల్లిపాయలు నేను కొయ్యనా మామయ్యా?" అంది. నాకే దొరకని అనుమతి ఆమెకి దొరికింది. మాంసానికి మసాలా ఎప్పుడు పట్టించాలో, నూనె ఎప్పుడు విడుస్తుందో ఆయన చెప్తుంటే ఆమె వింటోంది. ఒకసారి నవ్వు కూడా వినిపించింది. ఇల్లంతా వేగిన ఉల్లిపాయల వాసన, ఏలకుల వాసన. పాలు సగానికి మరిగి గిన్నె అంచుకి మీగడ కట్టాయి. నేను సంతోషించాల్సింది. కానీ ఆయన ఆ పూట అంత మెత్తగా మాట్లాడుతుంటే, ఈయన ఏదో పెట్టుకున్నారు మనసులో అనిపించింది. ఏమిటో అంతు చిక్కలేదు.

మధ్యాహ్నానికి వియ్యంకుడు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతిలో పళ్ళ బుట్ట. పెద్ద మనిషే, వంక పెట్టడానికి లేదు. నన్ను చెల్లెమ్మా అని పలకరించాడు. టీచరమ్మ కూడా వచ్చింది. అబ్బాయి, వియ్యంకుడు, టీచరమ్మ బల్ల దగ్గర కూర్చున్నారు. మా ఆయన ఎదురుగా కూర్చున్నారు. నేనూ కోడలూ వడ్డించాం. అందరికీ వడ్డించాక కోడలిని కూడా కూర్చోమన్నాను. తండ్రి పక్కనే కూర్చుంది.

"కూర అద్భుతం బావగారూ" అన్నాడు వియ్యంకుడు, ముద్ద మీద ముద్ద తింటూ. "ఇన్నేళ్ళూ హోటలు పెట్టకుండా కలప డిపోలో ఎందుకు కూర్చున్నారో నాకర్థం కాదు."

"సరుకు మీదే కదా బావగారూ" అన్నారు మా ఆయన. "కారం ఒక్కటే వేరు. మీరు పంపినది అంత మంచి కారం, రోజువారీకి దాచుకుందామని తియ్యలేదు. టీచరమ్మ డబ్బాలోది తెచ్చి వేశాను. అదీ మీ కొట్లోదేలెండి."

నేను అన్నం గరిటె పట్టుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబడిపోయాను. వియ్యంకుడి చెయ్యి పళ్ళేనికీ నోటికీ మధ్య ఆగింది. ముద్దని మళ్ళీ పళ్ళెంలోకి జారవిడిచాడు.

"ఏం నాన్నా, కారం ఎక్కువైందా?" అంది కోడలు.

"లేదమ్మా. కడుపు నిండింది."

"సగం కూడా తినందే?" అంటూ ఆ పిల్ల తన పళ్ళెంలో కూర కలుపుకుని ముద్ద ఎత్తింది. తండ్రి ఎంగిలి చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు తినకు" అన్నాడు.

అతనికి ఇటు పక్కన టీచరమ్మ కూర్చుని తింటోంది. ఆవిడ నోట్లో ముద్ద ఉంది. ఆవిడ చెయ్యి అతను పట్టుకోలేదు. ఆవిడ నమలడం ఆపి, ముందు అతని చేతిని చూసింది, తర్వాత మా ఆయన్ని చూసింది.

"తినమ్మా, ఏం కాదు" అన్నారు మా ఆయన కోడలితో. "అందులో ఉన్నది మీ నాన్న పంపిన కారమే. ఊరికే అలా అన్నాను."

కోడలు మణికట్టు విడిపించుకుంది. మనిషి పాలిపోయింది. మామగారు గ్లాసులో తేల్చలేనిది ఆ తండ్రి చెయ్యే తేల్చేసింది.

వియ్యంకుడి మొహం కందగడ్డలా అయింది. "భోజనానికి పిలిచి ఇదా మీరు చేసే మర్యాద? నేనేం కలిపానని? టోకు వ్యాపారి దగ్గరనుంచే అలా వస్తుంది సరుకు. గోడౌన్లలో కలుపుతారు. కొట్టువాడు ఏం చేస్తాడు?"

ఆ మాటతో ఊరుకుంటే సరిపోయేది. మా ఆయన ఊరుకోలేదు. చవకబారు పనితనం చూసినప్పుడు పాత పనివాళ్ళకి వచ్చే చిరాకు ఒకటుంటుంది. అది వచ్చేసింది ఆయన గొంతులోకి.

"గోడౌన్లో కలిపింది అలా ఉండదు. ఇటిక పొడికి ముందు నూనె పట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చి, జల్లెడ పట్టి అప్పుడు కలుపుతారు. అది కారంతో పాటే తేలుతుంది, అంత త్వరగా దిగదు. టీచరమ్మ డబ్బాలోది వేసీ వెయ్యగానే అడుగుకి దిగింది. నూనె లేదు, జల్లెడ లేదు. కొట్టు వెనకాల కూర్చుని హడావుడిగా చేసిన పని అది."

వియ్యంకుడు తల దించుకున్నాడు. నేను హమ్మయ్య అనుకునేలోపు కోడలు మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"నూనె పట్టిస్తారని మీకెలా తెలుసు మామయ్యా?"

నేను ఆ పిల్ల వంక చూశాను. తర్వాత ఆయన వంక చూశాను. బొప్పాయి గింజలు, సుద్ద, ఇటిక పొడి. ఇన్నేళ్ళూ ఆయన చెప్తుంటే విన్నాను, విసుక్కున్నాను, వీధిలో చెప్పి నవ్వుకున్నాను. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు అని మాత్రం ఎవరికీ తోచలేదు. కొట్లో పెరిగిన పిల్లకి తోచింది.

ఆయన అబద్ధం వెతుక్కుంటారనుకున్నాను. వెతుక్కోలేదు.

"గోడౌన్లో నా పని అదేనమ్మా" అన్నారు.

"తూకం చూసేవారు కదా" అన్నాను నేను.

"తూకమే. బస్తాకి ఎంత కారం పొయ్యాలి, ఎంత ఇటిక పొడి పొయ్యాలి అన్నది తూచి ఇచ్చేవాణ్ణి."

మా అబ్బాయి "మరి మానేశారు కదా నాన్నా" అన్నాడు, తండ్రికి చెయ్యందిస్తున్నట్టు.

"నేను మానలేదురా. గోడౌన్ మూసేశారు" అన్నారు ఆయన. మళ్ళీ తనే "మనింటికి మాత్రం ఎప్పుడూ తేలేదు" అన్నారు. ఆ మాటకి వియ్యంకుడు తలెత్తి ఆయన వంక చూశాడు. తను చెప్పుకుందామనుకున్నదీ అదే అయ్యుంటుంది.

టీచరమ్మ నోట్లో ముద్ద ఎప్పుడు మింగిందో నేను చూడలేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆ కారం ఎక్కడికి వెళ్ళేది అన్నయ్యగారూ?"

"ఊళ్ళో కొట్లకేనమ్మా."

"మా పిల్లలు చిన్నప్పుడు నేను బజార్లోనే కొనేదాన్ని. అది మీకు తెలుసు."

"తెలుసు."

"సరే, అది మీ ఉద్యోగం అనుకుంటాను. నా డబ్బాలోది గ్లాసులో వేసి చూశానన్నారు. ఎప్పుడు చూశారు?"

"మొన్న మధ్యాహ్నం."

"చూశాక మళ్ళీ మూత పెట్టి అలమరలోనే పెట్టారా? నిన్న రాత్రి కూడా అదే వేసి వండుకున్నాను."

మా ఆయన నా వంక చూడలేదు. చూసి ఉంటే నాకు తేలికగా ఉండేది. నేనే పెట్టాను అని తన మీద వేసుకోవడానికి నోరు తెరిచారని కూడా నాకు తెలిసిపోయింది. ఆయన మాట బయటికి రాకముందే అన్నాను.

"నేను పెట్టాను టీచరమ్మా."

"మీరా వదినా?" అందావిడ. "ఎందుకు?"

"కోడలు వెళ్ళిపోతుందని."

కోడలు లేచింది. వెళ్ళి చెయ్యి కడుక్కుంది. నేను ఆమె గదిలోకి వెళ్ళి బట్టలు సర్దుకుంటుందనుకున్నాను. ఆమె తిరిగి బల్ల దగ్గరికి వచ్చి, తండ్రి వంకగానీ మా వంకగానీ చూడకుండా టీచరమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"పదండి టీచరమ్మా. మీ ఇంట్లో మా కొట్టు సరుకు ఇంకేమేం ఉందో చూద్దాం. నాకు వాసన పట్టడం వచ్చు."

ఇద్దరూ వెళ్ళారు. మా అబ్బాయి కాసేపు కుర్చీ అంచుని పట్టుకుని నిలబడి, వాళ్ళ వెనకే వెళ్ళాడు. గోడ అవతల అలమర తలుపులు తెరుస్తున్న చప్పుడు, డబ్బాలు ఒక్కొక్కటీ నేల మీద పెడుతున్న చప్పుడు వినిపించాయి. బల్ల దగ్గర మా ఆయన, వియ్యంకుడు, నేను మిగిలాం. గిన్నెలో కూర ఇంకా పొగలు కక్కుతోంది. అందులో వేసిన ప్రతి దినుసూ మంచిదే. మా ముగ్గురిలో ఒక్కరికి కూడా అది గొంతు దిగలేదు.